మెడికల్ బోర్డు ముందు 26 వారాల గర్భం: వయబిలిటీని ఎక్కడ రాయాలి?

నేను ప్రసూతి వైద్యురాలిని. ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో పనిచేస్తున్నాను. 24 వారాలు దాటిన గర్భాల విషయంలో అభిప్రాయం చెప్పే మెడికల్ బోర్డులో సభ్యురాలిని కూడా. ఈ కేసు గురించి రాస్తానంటే ఆమె ఒప్పుకుంది. గర్భస్రావాలకు సంబంధించిన ఎంటీపీ చట్టంలోని 5ఏ సెక్షన్ ఎలాగూ ఆమె ఎవరో బయటపెట్టడానికి వీల్లేదంటుంది కాబట్టి గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. వైద్య వివరాలు, చట్టం సెక్షన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

రాయడానికి కారణం ఉంది. బిడ్డ ఇప్పుడు బయటికి వస్తే బతుకుతుందా (దీన్నే వయబిలిటీ అంటాం) అన్నది డాక్టర్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆ బిడ్డ ఇప్పటికే చట్టం దృష్టిలో ఒక వ్యక్తా అన్నది మా ముందుకు రాని ప్రశ్న. కానీ బోర్డు గదిలో మొదటిదానికి జవాబు చెప్పేటప్పుడు రెండోదానికి కూడా తీర్పు చెప్పేస్తున్నాం. ‘వయబుల్’ అని రాశామంటే ఇక అనుమతి ఇవ్వకూడదు అన్నట్టు పెన్ను ఆగిపోతుంది. ఆ భారమంతా బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తున్న గర్భిణి మీద పడుతోంది.

కేసు వివరాలు

వయసు 28. రెండో కాన్పు. మొదటి బిడ్డకు నాలుగేళ్లు, మామూలు కాన్పే, ఆరోగ్యంగా ఉంది. మేనరికం కాదు. షుగర్ లేదు, మూర్ఛ మందులు వాడలేదు. గర్భం రాకముందు ఫోలిక్ యాసిడ్ వేసుకోలేదు. మన దగ్గర చాలామంది వేసుకోరు, గర్భం అని తేలాకే మాత్రలు మొదలవుతాయి. ఆ మాత్రల సాయంతో మూసుకోవాల్సిన శిశువు వెన్నుపాము గొట్టం మాత్రం గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే, అంటే నెల తప్పిందని గుర్తించే రోజులకు కొంచెం అటూ ఇటూగా మూసుకుంటుంది. అది మూసుకోకపోవడమే ఈ కేసుకు మూలం.

8వ వారంలో తొలి స్కాన్ అయింది. శిశువు అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్ చేయించుకోవాల్సిన 18 నుంచి 20 వారాల మధ్య ఆమె భర్తతో పాటు పనికోసం వేరే రాష్ట్రంలో ఉంది. అక్కడ బీపీ చూశారు, ఐరన్ మాత్రలిచ్చారు, స్కాన్ మాత్రం రాయలేదు. ఊరికి తిరిగొచ్చాక చేయించిన స్కాన్‌లో తల కొలత తేడాగా ఉందని మా దగ్గరికి పంపారు.

మా రేడియాలజిస్టు మళ్లీ స్కాన్ చేశారు. నడుము పైభాగం నుంచి కింది వరకు వెన్నుపూస మూసుకోలేదు. అక్కడ తిత్తిలా పొంగిన భాగంలో నరాలు కనిపించాయి. వెన్ను ముందుకు బాగా వంగిపోయి ఉంది. చిన్నమెదడు కిందికి జారి పుర్రె వెనుక భాగంలో ఇరుక్కుంది. మెదడులో నీటి గదుల వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, ఇక్కడ 19 ఉంది. రెండు పాదాలూ లోపలికి మెలిపడి ఉన్నాయి. అరగంట సేపు చూసినా చేతులు కదిలాయి గానీ కాళ్లు కదల్లేదు. గుండె, కిడ్నీలు బాగున్నాయి. బరువు అంచనా సుమారు 900 గ్రాములు.

ఇక్కడ వారాల లెక్క గురించి ఒక మాట. బయటి స్కాన్ రిపోర్టులో తల అడ్డకొలత ఆధారంగా 25 వారాలని వేశారు. వెన్ను మూసుకోని శిశువుల్లో తల ముందుభాగం రెండువైపులా నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ కొలత తక్కువగానే వస్తుంది. 8వ వారం స్కాన్ ఉంది కదా, దాని ప్రకారం లెక్కేస్తే 26 వారాల 4 రోజులు. తొలి మూడు నెలల స్కాన్ తేదీలో తేడా వస్తే వారం లోపే వస్తుంది. ఏడో నెలలో తీసిన స్కాన్‌తో వారాలు లెక్కిస్తే రెండు మూడు వారాలు అటూ ఇటూ పోవచ్చు. తొలి స్కాన్ లేని గర్భిణి బోర్డు ముందుకు వచ్చినప్పుడు మనం 26 అంటున్నది 24 కావచ్చు, 28 కూడా కావచ్చు. అంత పొరపాటుకు అవకాశం ఉన్న అంకె మీద ఒక ప్రాణికి వ్యక్తి హోదా వచ్చిందా లేదా అని తేల్చాలంటే నాకు భయమేస్తుంది.

ఆమెతో మాట్లాడినప్పుడు

పిల్లల న్యూరోసర్జన్‌ను పిలిపించి ఇద్దరం కలిసి ఆమెతో, ఆమె భర్తతో మాట్లాడాం. ఏదీ దాచలేదు, ఏదీ పెంచి చెప్పలేదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో వీపు మీద ఆపరేషన్ చేయాలి. తలలో నీరు పొట్టలోకి దిగడానికి షంట్ అనే సన్నని గొట్టం వేయాలి, అది మూసుకుపోయినప్పుడల్లా మళ్లీ ఆపరేషన్. ఈ స్థాయి లోపంతో కాళ్ల మీద నడిచే అవకాశం చాలా తక్కువ. మూత్రం గొట్టంతో తీయాల్సి రావచ్చు. తెలివితేటలు ఎలా ఉంటాయో ఇప్పుడే చెప్పలేం, కొందరు పిల్లలు బాగా చదువుకుంటారు కూడా. కడుపులో ఉండగానే చేసే ఆపరేషన్ ఒకటుంది. 2011లో ఫలితాలు వచ్చిన అమెరికా పరిశోధనలో దాన్ని 26 వారాల లోపు, వెన్ను ఎక్కువగా వంగని శిశువులకే చేశారు. ఆమెకు ఆ దారి రెండు విధాలా మూసుకుపోయింది. గర్భం కొనసాగిస్తానంటే కాన్పు ఎక్కడ, ఎలా, ఆ వెంటనే ఎవరు చూస్తారు అన్నదంతా మేమే ఏర్పాటు చేస్తామని చెప్పాం. ఆ మాట మొక్కుబడిగా అన్నది కాదు. అలా కొనసాగించిన కుటుంబాలు మా ఓపీకి వస్తూనే ఉన్నాయి.

ఆమె పెద్దగా ఏడవలేదు. ‘నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారు మేడం?’ అని అడిగింది. తర్వాత, ‘పెద్దదాన్ని వదిలేసి ఎప్పుడూ ఆసుపత్రిలోనే ఉండాలి కదా’ అంది. ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మన్నాం. మర్నాడు వచ్చి గర్భం తీయించుకుంటానని రాతపూర్వకంగా అడిగింది.

వార్డులో ఫైలు తయారుచేస్తున్నవాళ్లు అలవాటు ప్రకారం భర్త సంతకం కోసం ఒక గీత గీసి పెట్టారు. దాన్ని కొట్టేయించాను. చట్టం 3(4) సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేని స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. భర్త ఆమె పక్కనే ఉన్నాడు, ఆమె మాటే తన మాట అన్నాడు. అయినా ఆ గీత ఫైల్లో ఉండకూడదు.

చట్టం ఏం అడుగుతోంది?

1971 నాటి ఎంటీపీ చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో చెప్పిన వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్లు కావాలి. 24 దాటితే రెండే దారులు. తల్లి ప్రాణం కాపాడటానికి అప్పటికప్పుడు అవసరమైతే 5వ సెక్షన్. గర్భస్థ శిశువులో తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 3(2బి) సెక్షన్. ఈ రెండో దారిలో వారాల పరిమితి వర్తించదని చట్టమే అంటోంది. బోర్డులో గైనకాలజిస్టు, పిల్లల డాక్టర్, రేడియాలజిస్టు ఉండాలి. అడిగిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, అనుమతిస్తే అడిగిన అయిదు రోజుల్లో ప్రక్రియ జరగాలి.

అంటే బోర్డుకు చట్టం వేసిన ప్రశ్నలు ఇవే: లోపం తీవ్రమైనదా? పుడితే ప్రాణం నిలవని స్థితో, తీవ్ర వైకల్యమో ఉంటుందా? ఈ ప్రక్రియ తల్లికి సురక్షితమేనా? చట్టం మొత్తం వెతికినా వయబిలిటీ అన్న మాట కనిపించదు. దాన్ని మేమే, డాక్టర్లమే, బయటి నుంచి తెచ్చి పెడుతున్నాం.

బోర్డు గదిలో

లోపం తీవ్రమైనదన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఇబ్బంది మా పిల్లల డాక్టర్ దగ్గర వచ్చింది. ఆయన అనుభవం మీద, మనసు మీద నాకు ఎంతో గౌరవం. ఆయన అన్న మాట ఇది: ‘మేడం, మా ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) 27 వారాలకు పుట్టిన బిడ్డ ఉంది. ఈ ఉదయమే వెంటిలేటర్ తీశాం. ఈ శిశువు బరువు దానికంటే ఎక్కువే. ఇది వయబుల్ అని నేను రాయక తప్పదు. రాశాక చంపడానికి సంతకం ఎలా పెట్టను?’

ఆ ప్రశ్నను పక్కకు నెట్టేయకూడదు. అటువైపు వార్డులో రాత్రింబవళ్లు కాపాడుతున్న ప్రాణానికి, ఇటువైపు గదిలో ఆపబోతున్న గుండెకు వారాల లెక్కలో తేడా లేదు. ఆ రెండు పనులూ చేసే చేతులు ఒకే ఆసుపత్రివి. దీన్ని నైతిక బరువు అనకపోతే ఇంకేమనాలి? గర్భస్రావం హక్కును సమర్థించేవాళ్లు ఈ బరువే లేదన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను.

నేను ఆయనకు చెప్పింది ఒకటే. వయబుల్ అని రాయండి సర్, అది నిజం. కానీ అనుమతి ఇవ్వాలా వద్దా అన్న కాలమ్‌లో కాదు, ప్రక్రియ ఎలా చేయాలి అన్న కాలమ్‌లో రాయండి. ఎందుకంటే వయబిలిటీ మనకు చెప్పేది రెండోదాని గురించే. చర్చ ఇక్కడే ఎక్కువసేపు నడిచింది కాబట్టి, ఆ రోజు మాట్లాడుకున్నదాన్ని కొంచెం విడమర్చి రాస్తాను.

వయబిలిటీ అనేది శిశువులో ఒకనాడు వెలిగే గుణం కాదు. ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్య పలుచని పొర 24 వారాల చుట్టూ తయారవుతుంది. గాలి గదులు మూసుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అప్పుడప్పుడే మొదలవుతుంది. ఆపైన తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయా, పుట్టగానే వెచ్చగా ఉంచారా, ఊపిరికి తోడ్పడేలా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం ఉందా, ఇన్ఫెక్షన్ రాకుండా చూసే నర్సులు తగినంతమంది ఉన్నారా అన్నవన్నీ కలిస్తేనే బతుకుతుందో లేదో తేలేది. నేను చదువుకున్న రోజుల్లో మన పాఠ్యపుస్తకాలు 28 వారాలు అనేవి. ఇప్పుడు మంచి ఎన్ఐసీయూ ఉన్నచోట 24 వారాల బిడ్డ కోసం కూడా ప్రయత్నిస్తాం. ఎన్ఐసీయూ లేని చిన్న ఆసుపత్రిలో 28 వారాల బిడ్డ కూడా కష్టమే. అదే గర్భం, అదే వారం. తల్లి అక్కడి నుంచి బస్సెక్కి ఇక్కడికి వస్తే వయబిలిటీ మారిపోతుంది. హోదా మాత్రం దారిలో ఎక్కడ వచ్చినట్టు?

వ్యక్తి హోదా విషయంలో మన చట్టాలు చెబుతున్నది వేరు. జనన మరణాల నమోదు చట్టం 1969 సజీవ జననాన్ని నిర్వచిస్తూ, గర్భకాలం ఎంతైనా సరే, తల్లి నుంచి పూర్తిగా బయటికి వచ్చాక ఊపిరి పీల్చినా, ప్రాణం ఉన్న మరే లక్షణం కనిపించినా చాలంటుంది. మరణం అనేది సజీవ జననం తర్వాతే జరుగుతుందని కూడా అదే చట్టం చెబుతుంది. హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ కడుపులో ఉన్న బిడ్డకు ఆస్తిలో వాటా ఇస్తుంది. ఆ బిడ్డ తర్వాత ప్రాణంతో పుడితేనే సుమా. పల్లెల్లో పంపకాలప్పుడు ‘కడుపులో ఉన్నదానికీ ఓ వాటా’ అని ఆపి ఉంచే పద్ధతి చాలామందికి తెలిసిందే. ఆ వాటా ఖాయమయ్యేది పుట్టాకే.

భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్‌లోని మూడో వివరణ ఇంకా సూటిగా ఉంటుంది. తల్లి గర్భంలో ఉన్న శిశువు మరణానికి కారణమవడం నరహత్య కాదు. శిశువు శరీరంలో ఏ భాగమైనా బయటికి వచ్చాక, అది ఇంకా ఊపిరి తీసుకోకపోయినా, పూర్తిగా పుట్టకపోయినా, అప్పుడు మరణానికి కారణమైతే నరహత్య కావచ్చు. అలాగని గర్భస్థ శిశువుకు చట్టంలో రక్షణే లేదని కాదు. ఎంటీపీ చట్టానికి వెలుపల గర్భస్రావం చేయడం, ప్రాణంతో పుట్టకుండా చేయడం 88 నుంచి 92 వరకు సెక్షన్ల కింద నేరాలు. రక్షణ ఉంది, విలువ ఉంది. వ్యక్తి హోదా మాత్రం పుట్టుకతోనే.

మా పిల్లల డాక్టర్‌ను ఆలోచింపజేసింది మాత్రం ఈ సెక్షన్లేవీ కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016. వెన్ను లోపంతో పుట్టి చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి ఆ చట్టం అందరితో సమానమైన గౌరవం, హక్కులు ఇస్తుంది. వైకల్యం ఉందని ఎవరి ప్రాణం విలువా ఒక్క గ్రాము తగ్గదు. మరి 27 వారాల గర్భస్థ శిశువు నిజంగా వ్యక్తే అయితే, వైకల్యం ఉందన్న కారణంతో 3(2బి) సెక్షన్ దాని ప్రాణం తీయడానికి ఎలా ఒప్పుకుంటుంది? ఆ సెక్షన్ ఉండటమే, పార్లమెంటు గర్భస్థ శిశువును వ్యక్తిగా చూడలేదనడానికి గుర్తు. ‘వయబుల్ కాబట్టి వ్యక్తి, కానీ లోపముంది కాబట్టి పరవాలేదు’ అని మనం రాస్తే, బయట బతుకుతున్న వికలాంగులందరినీ అవమానించినట్టే. ఆ వాక్యం బోర్డు రిపోర్టులోకి రాకూడదన్నది నా పట్టుదల. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘అయితే ఈ సెక్షన్ లోపమున్న పిల్లల మీద వివక్ష కాదా?’ అని అడిగారు. సరైన ప్రశ్నే. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నదే. తల్లి నిర్ణయానికి వారాల పరిమితి ఎత్తేయకుండా, లోపానికి మాత్రం మినహాయింపు ఇస్తే ఆ అన్యాయం మిగిలే ఉంటుంది. దాన్ని సరిచేయాల్సింది చట్టసభ. దాని కోసం ఈమెను ఆపడం న్యాయం కాదన్నాను.

2023 తీర్పు నీడ

ఆ గదిలో అందరి మనసుల్లోనూ 2023 అక్టోబరు నాటి సుప్రీంకోర్టు కేసు ఉంది. ఇద్దరు పిల్లల తల్లి, ప్రసవానంతర మానసిక వ్యాధితో బాధపడుతున్నానని చెప్పిన 27 ఏళ్ల స్త్రీకి ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అక్టోబరు 9న అనుమతి ఇచ్చింది. మర్నాడు ఎయిమ్స్ డాక్టర్ ఒకరు ప్రభుత్వ న్యాయవాదికి ఈమెయిల్ రాశారు. శిశువు బతికే అవకాశం బాగా ఉంది, గుండె ఆపమంటారా లేదా స్పష్టంగా చెప్పండి అన్నది అందులోని సారాంశం. 11న ఆ ధర్మాసనమే రెండుగా చీలింది. జస్టిస్ హిమా కోహ్లి తన న్యాయ మనస్సాక్షి ఒప్పుకోదన్నారు. జస్టిస్ నాగరత్న తల్లి నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. 16న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తులు అనుమతి నిరాకరించారు. అప్పటికి 26 వారాల 5 రోజులు. తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదం లేదు, శిశువులో లోపం లేదు కాబట్టి చట్టంలోని ఏ దారీ వర్తించదన్నారు.

ఆ తీర్పు తర్వాత చాలామంది డాక్టర్లు దాన్ని ‘వయబుల్ అయితే వద్దు’ అని గుర్తుపెట్టుకున్నారు. తీర్పు నిలబడింది 5, 3(2బి) సెక్షన్ల మీద. మా కేసులో 3(2బి) నేరుగా వర్తిస్తుంది. ఆ తీర్పును చూపించి ఈమెను వెనక్కి పంపడం తప్పు చదువు అవుతుంది. ఆ తీర్పుతో నాకు పూర్తి ఏకీభావం లేదు, ఆ తల్లి మానసిక స్థితికి దక్కాల్సినంత బరువు దక్కలేదని నా అభిప్రాయం. కానీ ఎయిమ్స్ డాక్టర్ వేసిన ప్రశ్న మాత్రం అక్షరాలా అవసరమైన ప్రశ్న. గర్భం ముగించమంటే శిశువు ప్రాణంతో బయటికి రావాలా వద్దా అన్నది ముందే రాసి ఉండాలి.

వయబిలిటీని హద్దురాయిగా పాతుకున్న దేశాలు దాన్ని మళ్లీ మళ్లీ కదపాల్సి వచ్చింది. బ్రిటన్‌లో 1929 చట్టం 28 వారాలంటే, 1990లో దాన్ని 24కు దించారు. అమెరికా సుప్రీంకోర్టు 1973లో గర్భస్రావం హక్కు మీద వచ్చిన రో కేసులో మామూలుగా 28, ఒక్కోసారి 24 అంది. పుట్టని శిశువు రాజ్యాంగం చెప్పే వ్యక్తి కాదని అదే తీర్పులో చెప్పింది. 2022లో డాబ్స్ తీర్పుతో ఆ హద్దునే తీసేసింది. వ్యక్తి హోదాను వెనక్కి జరపడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు చూపించింది. ప్రయోగశాలలో గడ్డకట్టించి దాచిన పిండాలు కూడా నష్టపరిహార చట్టం దృష్టిలో పిల్లలే అంది. దాంతో అక్కడి ఐవీఎఫ్ కేంద్రాలు కొన్ని కొన్నాళ్లు చికిత్సలే ఆపేశాయి.

ప్రక్రియ ఎలా చేశాం?

వయబిలిటీ నిజంగా పనికొచ్చింది ఇక్కడ. 27 వారాల దగ్గర నొప్పులు తెప్పించి కాన్పు చేస్తే శిశువు ప్రాణంతో పుట్టవచ్చు. అలా పుడితే ఆ క్షణం నుంచి అది చట్టం దృష్టిలో వ్యక్తి, దానికి వైద్యం అందించడం మా బాధ్యత. గర్భస్రావం ప్రయత్నంలో బిడ్డ ప్రాణంతో పుడితే కాపాడటానికి చేయగలిగినదంతా చేయాలని, తల్లిదండ్రులు తీసుకోలేకపోతే ప్రభుత్వం బాధ్యత తీసుకోవాలని బాంబే హైకోర్టు 2019లోనే చెప్పింది. తీవ్రమైన వెన్ను లోపంతో పాటు నెలలు నిండని కష్టాలు కూడా తోడై, తల్లి కోరని, ఎవరూ అనుకోని పుట్టుక ఆ బిడ్డకు అన్నిటికంటే పెద్ద బాధ. అందుకే ముందుగా శిశువు గుండె ఆపడం అవసరమని బోర్డు రాసింది. ఈ వాక్యాన్ని మెత్తని మాటల్లో చుట్టకుండా ఉన్నది ఉన్నట్టు రాయించాను.

ఆమెకు కూడా అదే చెప్పాను. స్కాన్‌లో చూస్తూ పొట్టలోంచి సన్నని సూదిని శిశువు గుండెలోకి పంపి మందు ఇస్తాం, గుండె ఆగుతుంది, తర్వాత కాన్పు మామూలుగానే అవుతుంది అని. ఆమె అడిగింది: ‘దానికి నొప్పి తెలుస్తుందా మేడం?’ 28 వారాల లోపు నొప్పిని అనుభవించే అవకాశం తక్కువని బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం 2022లో చేసిన సమీక్షలో తేల్చింది. అదే చెప్పాను. అయినా మీకిచ్చే మత్తు కొంత శిశువుకూ చేరుతుంది అన్నాను. ‘అయితే సరే’ అంది.

గుండె ఆపే ఆ మందు, పొటాషియం క్లోరైడ్, ఇచ్చింది ఫీటల్ మెడిసిన్‌లో (గర్భస్థ శిశువు వైద్యం) శిక్షణ ఉన్న డాక్టర్. స్కాన్ తెరను ఆమెకు కనిపించకుండా తిప్పి పెట్టాం. గుండె ఆగిందని వెంటనే ఒకసారి, కొంతసేపటి తర్వాత మరోసారి చూసి, ఇద్దరు డాక్టర్లు సమయం వేసి సంతకం చేశారు. మిఫెప్రిస్టోన్, ఆ తర్వాత మిసోప్రోస్టాల్‌తో కాన్పు అయింది. రక్తస్రావం మామూలే. ఒకవేళ ప్రాణంతో పుడితే ఏం చేయాలో రాసిన కాగితం ఫైల్లో ముందే ఉంది, పిల్లల డాక్టర్ కాన్పు సమయానికి పక్క గదిలో ఉన్నారు. ఆయనే ఉంటానన్నారు.

శిశువును చూస్తారా అని అడిగితే భార్యాభర్తలిద్దరూ చూస్తామన్నారు. తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చాం. ఆడో మగో ఎవరూ అడగలేదు. కాసేపయ్యాక తండ్రి తీసుకెళ్లి ఖననం చేశారు. గర్భం 28 వారాలు నిండలేదు కాబట్టి మృతశిశు జననం నమోదు ప్రసక్తి రాలేదు.

తర్వాత

పాలు రాకుండా మాత్రలు ఇచ్చాం. ఈ మాట వార్డుల్లో మరిచిపోతుంటారు. కాన్పు అయిన మూడో రోజు రొమ్ములు బిగిసి పాలు కారడం మొదలైతే ఆ తల్లి పడే నరకం చెప్పలేం. కౌన్సెలర్ రెండుసార్లు మాట్లాడారు. ఆరు వారాలకు వచ్చినప్పుడు నిద్ర పడుతోందని, పెద్దమ్మాయిని మళ్లీ అంగన్‌వాడీకి పంపుతున్నానని చెప్పింది. మళ్లీ గర్భం వస్తే ఈ లోపం తిరిగి వచ్చే అవకాశం వందలో మూడు నాలుగు. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందు నుంచి 12 వారాల వరకు రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, ఎక్కడున్నా 18వ వారంలో టిఫా స్కాన్ అని రాసిచ్చాం.

ఈ కేసు తర్వాత మా బోర్డు రిపోర్టు రాసే తీరు మార్చాం. మొదటి భాగంలో లోపం, దాని తీవ్రత, తల్లికి ప్రక్రియ సురక్షితమేనా అన్నవి మాత్రమే. అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం దానితోనే తేలాలి. ప్రక్రియ భాగంలో వారాలు, ఆ వారాలకు ఆధారమైన స్కాన్ ఏది, మా ఎన్ఐసీయూలో బతికే అవకాశం ఎంత, గుండె ముందుగా ఆపాలా, ప్రాణంతో పుడితే ఎవరు ఏం చేయాలి అన్నవి. పిల్లల డాక్టర్ తన అభ్యంతరాన్ని తన మాటల్లోనే రాసుకోవడానికి స్థలం కూడా ఉంది. ఈ కేసులో ఆయన మూడు వాక్యాలు రాసి, ఆ కింద అనుమతికి సంతకం పెట్టారు.

శిశువులో ఏ లోపమూ లేకుండా, 24 దాటాక, మనసు చెదిరిన తల్లి వస్తే ఈ పద్ధతి ఆమెను దాటించలేదు. 3(2బి) ఆమెకు వర్తించదు, 5వ సెక్షన్‌లో తక్షణ ప్రాణాపాయం అని ఉంది. ఆమె హైకోర్టుకు వెళ్లాలి, కోర్టు మళ్లీ మా అభిప్రాయమే అడుగుతుంది. అక్కడ కూడా రిపోర్టులో తల్లి ఆత్మహత్య ప్రమాదం ఎంత, గర్భం కొనసాగితే ఆమె వ్యాధి ఏమవుతుంది అన్నదాన్ని మానసిక వైద్యుడి చేత మొదటి పేజీలోనే రాయిస్తున్నాం. శిశువు బతికే అవకాశం గురించి కోర్టు అడిగితే ఆ తర్వాతి పేజీలో చెబుతాం. ‘వయబుల్’ అన్న ఒక్క మాటతో మా అభిప్రాయాన్ని ముగించడం మాత్రం మానేశాం.